లారీ ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించే ముందు ఇది ఒకసారి చదవండి

మన దగ్గర లారీ ఇన్సూరెన్స్ ఎలా అవుతుందో చెప్పనా? పాలసీ అయిపోవడానికి రెండు రోజులు ఉందనగా ఏజెంట్ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది, మనం లోడు ఎక్కడ దొరుకుతుందా, డ్రైవర్ ఎప్పుడొస్తాడా అనే గొడవలో ఉంటాం, "ఎంతలో అయిపోద్దన్నా, కొంచెం తగ్గించి చెయ్యి" అంటాం, ఆయన ఏదో ఒకటి తీసేసి తగ్గిస్తాడు, వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది, అది డ్రైవర్‌కి ఫార్వర్డ్ కొట్టేసి మర్చిపోతాం. నేనూ చాలా ఏళ్ళు ఇదే చేశా. మాది విజయవాడ ఆటోనగర్ పక్కన చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, నాలుగు బండ్లు. ఆ పీడీఎఫ్‌లో రెండో పేజీ ఒకటుంటుందని నేను మొదటిసారి చూసింది బండి గుద్దుకున్న తర్వాతే. అప్పుడు చదివి ఏం లాభం. అందుకే రైస్ మిల్లు ఉండి సొంత బండి పెట్టుకున్నా, ఒక్క మినీ వ్యాన్ కొనుక్కుని కిరాయికి తిప్పుతున్నా, పది లారీలున్నా, రెన్యువల్‌కి ఒక నెల ముందు కూర్చుని ఈ పనులు వరసగా చేసుకోండి.

1. ముందు మీ రిస్క్ ఎంతో లెక్క వేయండి

ఇన్సూరెన్స్ లేకపోతే పోలీసులకి ఫైన్ కట్టాలి, అంతేగా అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫైన్ నిజమే, మోటార్ వెహికల్స్ చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఉండేది) లేకుండా బండి రోడ్డు ఎక్కకూడదు, దొరికితే మొదటిసారి 2,000 ఫైను గానీ మూడు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ, రెండోసారి అయితే ఫైన్ 4,000. రెండు వేలే కదా అనిపిస్తుంది. అసలు లెక్క అది కాదండి.

మన బండి ఒక మనిషిని గుద్దింది, ఆయన పోయాడు అనుకోండి (అలా జరక్కూడదు, కానీ లారీ తిప్పేవాడు అనుకోక తప్పదు). ఆయన వయసు 30, నెలకి 20 వేలు సంపాదించే తాపీ మేస్త్రి, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ట్రిబ్యునల్లో (యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే కోర్టు) లెక్క సుప్రీం కోర్టు చెప్పిన పద్ధతిలో వేస్తారు: ఏడాదికి 2,40,000, దానికి ముందు ముందు సంపాదన పెరిగేది కాబట్టి 40 శాతం కలిపితే 3,36,000, ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 2,52,000, ఆ వయసుకి 17తో గుణిస్తారు. 42,84,000. దీని మీద అంత్యక్రియల ఖర్చు లాంటివి, కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. మీ పది టైర్ల బండి ఇవాళ అమ్మితే అంత వస్తుందా? మా బండ్లు రెండు కలిపి అమ్మినా రాదు. థర్డ్ పార్టీ పాలసీలో మనిషి చావుకి, గాయాలకి ఇంతే ఇస్తాం అనే లిమిట్ లేదు, కోర్టు ఎంత వేస్తే అంతా కంపెనీయే కడుతుంది. పాలసీ లేకపోతే ఆ 42 లక్షలు ఓనర్ నెత్తిన, అంటే మీ ఇల్లు, మీ పొలం, మీ బ్యాంకు అకౌంటు. పైగా ఇన్సూరెన్స్ లేని బండి యాక్సిడెంట్ చేస్తే దాన్ని వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్లో జమ చేసేలా రూల్స్ పెట్టమని 2018లో సుప్రీం కోర్టు రాష్ట్రాలకి చెప్పింది కూడా.

ఇప్పుడు ప్రీమియం చూడండి. థర్డ్ పార్టీ రేటు కంపెనీ ఇష్టం కాదు, గవర్నమెంట్ ఫిక్స్ చేస్తుంది, ఏ కంపెనీకి వెళ్ళినా ఒకటే. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్లలో కిరాయికి తిప్పే గూడ్స్ బండికి జీవీడబ్ల్యూ, అంటే లోడుతో కలిపిన మొత్తం బరువు, 7,500 కిలోల లోపు అయితే 16,049, అక్కడి నుంచి 12 టన్నుల దాకా 27,186, 20 టన్నుల దాకా 35,313, 40 టన్నుల దాకా 43,950, ఆ పైన 44,242. దీని మీద జీఎస్టీ ముందు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల థర్డ్ పార్టీకి 5 శాతం చేశారు, మీ బిల్లులో పాత రేటే వేశారేమో ఒకసారి చూసుకోండి. 28 టన్నుల పది టైర్ల బండికి రోజుకి 120 రూపాయలు చిల్లర పడుతుంది, డ్రైవరూ క్లీనరూ పొద్దున్నే టిఫిన్ తినేసి టీ తాగితే అయ్యే ఖర్చు. కాబట్టి ఏజెంట్ "నేను థర్డ్ పార్టీలో తగ్గిస్తా" అన్నాడంటే అక్కడే అనుమానం రావాలి, ఎందుకో కింద చెప్తా.

2. థర్డ్ పార్టీ ఒక్కటేనా, ఫుల్లా

బండి బాగా పాతది, ఫైనాన్స్ లేదు, ఊళ్ళోనే ఇసకో కంకరో తోలుతుంది అంటే థర్డ్ పార్టీ ఒక్కటి చాలనుకుంటే మీ ఇష్టం, నేను తప్పు పట్టను. కానీ థర్డ్ పార్టీలో మీ బండికి ఒక్క రూపాయి కూడా రాదు. కాలిపోయినా, దొంగలెత్తుకుపోయినా, వరదలో మునిగినా రాదు. ఫైనాన్స్ బండి అయితే ఎలాగూ ఫుల్ పాలసీయే (ప్యాకేజ్ పాలసీ అనేదీ ఇదే, మీ బండి నష్టం కూడా ఇందులో ఉంటుంది) అడుగుతారు. బండి మీదే కుటుంబం బతుకుతుంటే, లేదా మీ మిల్లు సరుకు టైముకి వెళ్ళడం ఆ బండి మీదే ఆధారపడి ఉంటే, ప్యాకేజ్ పాలసీయే తీసుకోండి. బండి మూలన పడ్డా ఈఎంఐ ఆగదు కదా.

3. ఐడీవీ దగ్గర మోసపోకండి, మిమ్మల్ని మీరే మోసం చేసుకోకండి

ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ట మొత్తం. కొత్త బండి ధర మీద ఆర్నెల్ల దాకా 5 శాతం, ఏడాది దాకా 15, రెండేళ్ళ దాకా 20, మూడేళ్ళకి 30, నాలుగేళ్ళకి 40, ఐదేళ్ళకి 50 తరుగు తీసేసి లెక్క కడతారు, ఐదేళ్ళు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్న రేటు. ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, ఏజెంట్లు మొదట నొక్కే బటన్ ఇదే.

లారీల్లో ఇంకో కిటుకు ఉంది, కార్లు కొనేవాళ్ళకి ఇది తెలీదు. మనం చాలాసార్లు షోరూంలో కొనేది చాసిస్ మాత్రమే, బాడీ ఆటోనగర్‌లో కట్టిస్తాం, లక్షలు అవుతుంది. మొదటి ఏడాది పాలసీ చాసిస్ ఇన్వాయిస్ మీద చేసేస్తారు, బాడీ అయ్యాక దాన్ని కలపాలని ఎవరికీ గుర్తుండదు, ఆ తర్వాత ప్రతి రెన్యువల్ పాత పాలసీ చూసి కాపీ కొట్టడమే. ఇవాళ పాలసీ తీసి చూడండి, చాసిస్ విలువ, బాడీ విలువ రెండూ పడ్డాయో లేదో. బాడీ కట్టినవాళ్ళ దగ్గర బిల్లు తీసుకుని దాచుకోండి, కచ్చా చీటీ కాదు, జీఎస్టీ బిల్లు.

4. రెండో పేజీ: ఐఎంటీ 23 ఉందా లేదా

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నా డబ్బులు పోయింది ఇక్కడే.

మా పన్నెండు టైర్ల బండి, నాలుగో ఏడు నడుస్తోంది, రాత్రి రెండు గంటలప్పుడు హైవే మీద ముందు పోతున్న టిప్పర్ సడన్‌గా బ్రేక్ కొడితే వెనకనించి గుద్దింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. క్యాబిన్ ముందు భాగం లోపలికి పోయింది, అద్దం, బంపర్, రెండు హెడ్‌లైట్లు, మడ్‌గార్డ్, ఒక టైరు, అన్నీ పోయాయి. గ్యారేజ్ వాళ్ళు 1,42,000కి ఎస్టిమేట్ వేశారు. ఫుల్ ఇన్సూరెన్సే కదా అని నేను ధీమాగా ఉన్నా. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చాడు, కాగితం తీశాడు, బంపర్ కొట్టేశాడు, లైట్లు కొట్టేశాడు, మడ్‌గార్డ్, టైరు, పెయింటింగ్ అన్నీ ఎర్ర పెన్నుతో గీత. 57,000 ఎగిరిపోయింది. ఏంటండీ ఇది అంటే, "మీ పాలసీలో ఐఎంటీ 23 లేదు సార్" అన్నాడు. మిగిలిన 85,000లో ఇనప పార్టుల మీద బండి వయసుని బట్టి 25 శాతం తరుగు, అది 13,000. ఆ పైన కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సింది, 1,500. చివరికి చేతికొచ్చింది 70,500, ఎస్టిమేట్‌లో సగం కూడా లేదు.

విషయం ఏంటంటే కమర్షియల్ బండ్లకి ఐఎంటీ 21 అని ఒక కండిషన్ తానంతట అదే పాలసీలో ఉంటుంది: లైట్లు, టైర్లు, ట్యూబులు, మడ్‌గార్డులు, బానెట్, సైడ్ పార్టులు, బంపర్లు, పెయింటింగ్, ఇవి బండి పూర్తిగా పోతే తప్ప ఇవ్వరు. అసలు యాక్సిడెంట్లో ముందు పోయేవే అవి! వాటిని వెనక్కి తెచ్చేది ఐఎంటీ 23, దానికి సొంత డ్యామేజ్ ప్రీమియం (మన బండి నష్టానికి కట్టే భాగం) మీద 15 శాతం ఎక్స్‌ట్రా కట్టాలి. నాకు ఆ ఏడాది సొంత డ్యామేజ్ ప్రీమియం 14,000, అంటే 2,100 ఎక్కువ అయ్యేది. రబ్బరుకి, ప్లాస్టిక్‌కి, టైర్లకి సగం తరుగు పోతుంది కాబట్టి 57,000 మొత్తం వచ్చేది కాదు గానీ ముప్పై వేల దాకా అయితే వచ్చేది. ఏజెంట్‌ని అడిగితే "మీరే కదన్నా తగ్గించమన్నారు" అన్నాడు. నిజమే, నేనే అన్నా.

కాబట్టి కోట్ తెప్పించుకునేటప్పుడు నోటితో కాదు, వాట్సాప్‌లో రాసి అడగండి: ఐఎంటీ 23తో ఎంత, లేకుండా ఎంత. బండి కొత్తదైతే జీరో డిప్రిసియేషన్ (పార్టుల మీద తరుగు తీయకుండా ఇచ్చే కవర్) కూడా ఇస్తారేమో అడగండి, లారీలకి అన్ని కంపెనీలూ ఇవ్వవు.

ఇదే పేజీలో ఇంకో రెండు చూడండి. ఒకటి, క్రేన్ ఖర్చు. మామూలు పాలసీలో లారీని అక్కడి నుంచి తీసుకెళ్ళడానికి ఇచ్చేది 2,500 రూపాయలు. శ్రీశైలం ఘాట్‌లోనో మారేడుమిల్లి ఘాట్‌లోనో లోడు బండి లోయలోకి ఒరిగితే క్రేన్ వాడు ఆ డబ్బుకి ఫోన్ కూడా ఎత్తడు, రెండు క్రేన్లు కావాలి, లోడు దింపే హమాలీలు కావాలి. టోయింగ్ లిమిట్ పెంచుకునే కవర్ ఉంటుంది, ఘాట్ రూట్లో తిరిగే బండికి తప్పకుండా పెట్టించండి.

రెండోది ఇంజన్. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళలో మునగడం పాలసీలో ఉంటుంది, గొడవ అంతా నీళ్ళు తగ్గాక మనం చేసే పని దగ్గర. ఆత్రం ఆగక సెల్ఫ్ కొడతాం, సిలిండర్‌లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది, ఇంజన్ పోద్ది, కంపెనీ ఏమంటుందంటే ఇది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన డ్యామేజ్ అంటుంది. ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ ఉందో లేదో చూసుకోండి, ఉన్నా లేకపోయినా మునిగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు, బ్యాటరీ వైరు పీకేసి, ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, లాక్కెళ్ళండి.

5. బండిలో ఎవరెవరు, దేనికి తిరుగుతుంది

మీ డ్రైవర్, క్లీనర్ కవర్ అయ్యారో లేదో చూడండి, ఎంతమందికి కట్టారో నంబర్ రాసి ఉంటుంది, మనిషికి అయ్యేది చాలా చిన్న మొత్తం. ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనర్‌తో గౌహతి దాకా వెళ్ళే చేపల బండికి ఒక్కడికే కట్టి ఉంటే మిగతావాళ్ళ సంగతేంటి? డ్యూటీలో 30 ఏళ్ళ డ్రైవర్ చనిపోతే, నెల జీతం 15,000 లెక్కన కార్మికుల నష్టపరిహారమే 15 లక్షల 60 వేల దగ్గర తేలుతుంది. ఓనర్ కమ్ డ్రైవర్ అయితే మీ పేరు మీద 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉండాలి, బండి కంపెనీ పేరు మీదో పార్ట్‌నర్‌షిప్ పేరు మీదో ఉంటే ఆ కవర్ వర్తించదు, అప్పుడు విడిగా తీసుకోవాలి.

లోడు మీద మనుషుల్ని ఎక్కించకండి. పెళ్ళి బృందం, మిరప కోతకెళ్ళే కూలీలు, దారిలో చెయ్యెత్తినవాళ్ళు, మన ఊళ్ళల్లో ఇది ఎంత మామూలో తెలుసు. సరుకు ఓనర్ గానీ ఆయన మనిషి గానీ సరుకుతో పాటు వస్తే వేరు, మిగతావాళ్ళు గూడ్స్ బండిలో ఎక్కితే ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీం కోర్టు 2002లోనే తేల్చేసింది. బండి బోల్తా పడి పదిమందికి దెబ్బలు తగిలితే పది కేసులు, అన్నీ ఓనర్ మీదే.

మిల్లులు, షాపులు ఉన్నవాళ్ళకి ఒక మాట. సొంత సరుకు కోసం అని పాలసీ తీసుకుని, ఖాళీగా ఎందుకు రావాలిలే అని వచ్చేటప్పుడు కిరాయి లోడు ఎక్కిస్తుంటారు. పాలసీలో వాడకం ఏది రాసి ఉందో అదే చెయ్యాలి. కిరాయి తోలేదుంటే ముందే పబ్లిక్ క్యారియర్ కింద చేయించండి.

ఇంకోటి, చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది: బండి పాలసీలో లోడు కవర్ అవ్వదు. గుంటూరు యార్డు నుంచి మిరపకాయలు వేసుకెళ్తుంటే వాన పడి టార్పాలిన్ చిరిగి తడిసిపోతే బండి ఇన్సూరెన్స్‌కి దానితో సంబంధం లేదు. సరుకు మీదైతే ట్రాన్సిట్ పాలసీ, సరుకు వేరే వాళ్ళది, మీరు ట్రాన్స్‌పోర్టర్ అయితే క్యారియర్స్ లయబిలిటీ పాలసీ తీసుకోవాలి. పార్టీకి సొంత ఇన్సూరెన్స్ ఉందిలే, మనకేం భయం అనుకోకండి, వాళ్ళ కంపెనీ వాళ్ళకి డబ్బులిచ్చేసి ఆ డబ్బు మన దగ్గర వసూలు చెయ్యడానికి నోటీసు పంపుతుంది. మాకు ఒకటి వచ్చింది. ఎల్ఆర్ (లారీ రసీదు) మీద 'ఓనర్స్ రిస్క్', అంటే సరుకు పోతే సరుకు ఓనర్‌దే బాధ్యత అని ముద్ర కొట్టాం కదా అనుకున్నా, లాయర్ నవ్వాడు.

6. డబ్బు ఎవరికి కడుతున్నారో చూసుకోండి

ఏజెంట్ ఫోన్‌పే నంబర్‌కి కొట్టకండి, కంపెనీ పేమెంట్ లింకులోనే కట్టండి. చెక్కు ఇస్తే అది పాసైందో లేదో చూసుకోండి, ప్రీమియం చేరకపోతే పాలసీ లేనట్టే.

పీడీఎఫ్ రాగానే ఐదు నిమిషాలు పెట్టి చూడండి: పైన గూడ్స్ క్యారీయింగ్ వెహికల్ అని ఉండాలి, నంబర్, ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్, జీవీడబ్ల్యూ సీ బుక్‌తో కలవాలి, ఫైనాన్స్ పేరు కరెక్ట్‌గా ఉండాలి. మా పక్క ఆఫీసాయనకి తెలిసిన ఒక ఏజెంట్ పదిహేను వేలు తక్కువలో చేసిచ్చాడు, చాలా సంతోషపడ్డాడు, నాకూ చెప్పాడు చేయించుకోమని. తీరా చూస్తే కంపెనీ సిస్టమ్‌లో ఆ పాలసీ నంబర్ మీద ఉన్నది ఒక స్కూటర్ పాలసీ, ఏడెనిమిది వందలు కట్టి, కంప్యూటర్‌లో లారీ అని మార్చి ప్రింటు తీశాడు. పాలసీ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి నంబర్ చెప్పి కనుక్కోండి, నాలుగైదు రోజుల తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి కొట్టి డేట్ పడిందో చూడండి. ఫ్రీ పనే కదా.

7. పాలసీ ఉన్నా పనిచేయకుండా చేసేవి

లైసెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్. మూడూ డేట్‌లో ఉండాలి. ఇవి లేకపోతే మీ సొంత డ్యామేజ్ క్లెయిమ్ కొట్టేస్తారు, థర్డ్ పార్టీ కేసులో ట్రిబ్యునల్ ఏమంటుందంటే కంపెనీ ముందు బాధితులకి కట్టాలి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి అంటుంది. అంటే పాలసీ కట్టి కూడా ఆ 42 లక్షలు మనమే. పర్మిట్ లేకపోవడం చిన్న తప్పు కాదని 2018లో సుప్రీం కోర్టు ఒక కేసులో గట్టిగానే చెప్పింది. 3,000 కిలోల లోపు బండికి పర్మిట్ అక్కర్లేదు, అది వేరే సంగతి.

డ్రైవర్ని పెట్టుకునేటప్పుడు లైసెన్స్ జిరాక్స్ చూసి ఊరుకోకండి, పరివాహన్ సైట్‌లో నంబర్, పుట్టిన తేదీ కొట్టి చూడండి, ఏ క్లాస్ ఉంది, ట్రాన్స్‌పోర్ట్ వాలిడిటీ ఎప్పటిదాకా ఉంది. మినీ వ్యాన్లు, చిన్న ట్రక్కులు తిప్పేవాళ్ళకి ఒక ఊరట ఉంది, 7,500 కిలోల లోపు గూడ్స్ బండిని ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీం కోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ కూడా ఖాయం చేసింది. దానికి మించిన బండికి హెవీ ఉండాల్సిందే. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి, మర్చిపోయేది ఈ తొమ్మిదో ఏట్లోనే.

మా ఆఫీసులో గోడ మీద క్యాలెండర్‌లోనే బండి నంబర్ చివరి నాలుగు అంకెలు, పక్కన 'ఎఫ్‌సీ', 'ఇన్సూ', 'పర్మిట్' అని ఎర్ర పెన్నుతో రాసేస్తాం, అసలు డేట్ మీద కాదు, ఇరవై రోజుల ముందు డేట్ మీద. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవచ్చుగా అంటాడు మా అబ్బాయి. రిమైండర్ నొక్కి మర్చిపోతాం, గోడని నొక్కలేం.

పాలసీ ఒక్కరోజు గ్యాప్ వచ్చినా మళ్ళీ బండి ఇన్‌స్పెక్షన్ అడుగుతారు. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మొత్తం పోద్ది. ఆ బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై క్లెయిమ్ లేకపోతే 50 దాకా వెళ్తుంది, అందుకే ఆరేడు వేల పనికి క్లెయిమ్ పెట్టే ముందు బోనస్ ఎంత పోతుందో లెక్క చూసుకోండి, చాలాసార్లు చేతి డబ్బు పెట్టుకోవడమే లాభం.

8. జరగరానిది జరిగిన రోజు

డ్రైవర్‌కి ముందే నేర్పి పెట్టండి. మొదట మనిషి, 108కి ఫోన్, నేషనల్ హైవే అయితే 1033. జనం కొడతారని భయమైతే పక్కన స్టేషన్‌కి వెళ్ళి చెప్పాలి, పారిపోవద్దు. తర్వాత మనకి, మనం అప్పుడే కంపెనీకి ఫోన్, తెల్లారాక కాదు.

లారీలకి స్పాట్ సర్వే అంటారు, అంటే బండి పడిన చోటనే సర్వేయర్ వచ్చి చూడాలి. పోలీసులు రోడ్డు క్లియర్ చెయ్యమంటే తీసెయ్యక తప్పదు, కానీ తీసేముందు డ్రైవర్ ఫోన్‌లో నాలుగు వైపులా ఫోటోలు, నంబర్ ప్లేట్ కనపడేలా, రోడ్డు కనపడేలా, లోడు కనపడేలా ఒక వీడియో తియ్యాలి. మాటలు అక్కర్లేదు, మెల్లగా తిరిగితే చాలు. కేసు అయితే ఎఫ్ఐఆర్ కాపీ, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు తీసుకోవాలి. సీ బుక్, లైసెన్స్, ఎఫ్‌సీ, పర్మిట్, ట్యాక్స్, లోడు బిల్లు, ఎల్ఆర్, ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో డ్రైవర్ ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ ఉంచండి.

గ్యారేజ్‌లో సర్వేయర్ చూసేదాకా ఒక్క బోల్టు విప్పనివ్వకండి. పాత పార్టులు పారెయ్యకండి, అడుగుతారు. బిల్లు లేని పనికి డబ్బు రాదు, మన వీధిలో మంచి మెకానిక్ చక్కగా చేస్తాడు గానీ తెల్లకాగితం మీద రాసిస్తాడు, ముందే మాట్లాడుకోండి. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద పెడతారు, డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్ళకి వెళ్తుంది, మిగిలిందే మనకి. బాడీ విలువ ఎందుకు కలపమన్నానో ఇప్పుడు అర్థమవుతుంది.

క్లెయిమ్ కొట్టేస్తే అక్కడితో ఆగిపోకండి. ఓవర్‌లోడ్ లాంటి కారణాలు చెప్పి మొత్తం రిజెక్ట్ చేస్తే, కండిషన్ తప్పినా 75 శాతం దాకా ఇచ్చి సెటిల్ చేయొచ్చని 2010 నాటి సుప్రీం కోర్టు తీర్పు ఉంది, అది చెప్పి లెటర్ పెట్టండి. ముందు కంపెనీ గ్రీవెన్స్‌కి (ఫిర్యాదుల విభాగం) రాయాలి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, రెండు రాష్ట్రాలకీ అదే, 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. బండి మీ సొంత పేరు మీదున్నా, బాగా చిన్న, అంటే మైక్రో సంస్థ పేరు మీదున్నా వెళ్ళొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే సర్కారు సంస్థ ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255, తెలుగులో మాట్లాడొచ్చు.

9. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళకి

బండితో పాటు ఇన్సూరెన్స్ కూడా వచ్చేసిందిలే అనుకోవద్దు. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ వరకు చట్టమే కొత్త ఓనర్‌కి మార్చేస్తుంది, కానీ సొంత డ్యామేజ్ భాగం మీరు 14 రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించుకుంటేనే. పాత ఓనర్ పేరు మీదే పాలసీ ఉంచి, ఆర్టీఏ ఆఫీసులో ట్రాన్స్‌ఫర్ మాత్రం అయిపోయి, ఆ మధ్యలో బండి గుద్దుకుంటే డబ్బు పాత ఓనర్‌కీ రాదు, మీకూ రాదు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ కూడా మీకు రాదు, ఆ తేడా కట్టాలి. కాబట్టి బండి పేరు మార్పుకి 29, 30 ఫారాలు సంతకం పెట్టించుకునే రోజునే పాలసీ మార్పుకి అప్లికేషన్ కూడా పక్కన పెట్టుకుని సంతకం తీసుకోండి, పేరు మారిన కాగితం వచ్చేదాకా బండిని లైన్ మీదకి పంపకండి, పెయింటింగో టైర్ల పనో ఏదో ఒకటి ఉంటుందిగా, అది చేయించుకోండి.